డైలీనా, మంత్లీనా, గట్టివా? కార్నియాకి ఇన్ఫెక్షన్ రాకూడదంటే ఏ లెన్సులు తీసుకోవాలి

కాంటాక్ట్ లెన్సులు తీసుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీవి మంచివని, ఆ తర్వాత పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉంచుకోవచ్చా అని. ఇన్ఫెక్షన్ గురించి అడిగేవాళ్లు తక్కువే, అడిగినా "శుభ్రంగా వాడుకుంటే ఏమీ కాదండీ" అన్న జవాబుతో సరిపెట్టుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు గానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే మనలో ప్రతివాళ్లం శుభ్రంగానే వాడుతున్నామనే అనుకుంటాం. 2015లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెన్సులు వాడే పెద్దవాళ్లని అడిగి చూస్తే, ఇన్ఫెక్షన్‌కి దారితీసే అలవాటు కనీసం ఒక్కటైనా ఉందని ఒప్పుకున్నవాళ్లు దాదాపు 99 శాతం మంది. అందుకే నా లెక్క ఏంటంటే, మీరు బాగా ఓపికగా ఉన్న రోజుని చూసి కాదు, బద్ధకించే రోజుని చూసి లెన్స్ ఎంచుకోవాలి. బద్ధకించిన రోజున ఏ లెన్స్ తక్కువ నష్టం చేస్తుందో అది మీకు మంచి లెన్స్. కింద రాసిన పోలికంతా ఈ లెక్క ప్రకారమే.

ముందు కార్నియా గురించి రెండు ముక్కలు. గడియారం ముళ్ల మీద అద్దం ఉన్నట్టు నల్లగుడ్డు ముందు ఉండే పారదర్శకమైన పొర అది, మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు, కావలసిన ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచి కన్నీటి ద్వారా తీసుకుంటుంది. రెప్ప ఆడించిన ప్రతిసారీ కన్నీరు దాన్ని కడుగుతూ ఉంటుంది, పైపొర గట్టిగా ఉన్నంతకాలం మామూలు సూక్ష్మజీవులు లోపలికి దూరలేవు. లెన్స్ పెట్టగానే ఈ ఏర్పాటుకి అడ్డం పడుతుంది. దాని కింద కన్నీరు సరిగ్గా మారదు, లెన్స్‌కి అంటుకున్న బ్యాక్టీరియా కొట్టుకుపోకుండా గంటల తరబడి కార్నియాని ఆనుకునే ఉంటుంది, ఎక్కడో చిన్న గీత పడిందంటే దానికి దారి దొరికినట్టే. లోపలికి వెళ్లాక వచ్చేది పుండు. పుండు మానినా మచ్చ మిగులుతుంది, మన ఇళ్లలో "కంట్లో పువ్వు పడింది" అంటారే, అదే. పువ్వు ఓ పక్కన పడితే చూపుకి పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు, సరిగ్గా మధ్యలో పడితే మాత్రం ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గిపోయినా చూపు వెనక్కి రాదు, కార్నియా మార్పిడి దాకా వెళ్లాల్సి రావచ్చు.

రాత్రి సంగతి ముందు తేల్చుకోండి

కంపెనీ, రకం, ధర అన్నీ తర్వాత. పడుకునేటప్పుడు తీస్తారా, తీయరా? ఇన్ఫెక్షన్ విషయంలో ఇంతకంటే పెద్ద తేడా తెచ్చేది ఇంకోటి లేదు.

1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో లెక్కలు తీశారు. పగలు మాత్రమే మెత్తటి లెన్సులు పెట్టుకునేవాళ్లలో ఏడాదికి ప్రతి 10,000 మందికి నలుగురికి కార్నియా ఇన్ఫెక్షన్ వచ్చింది, లెన్సులతోనే నిద్రపోయేవాళ్లలో 21 మందికి వచ్చింది. అప్పట్లో తప్పంతా ఆక్సిజన్ అందకపోవడం మీదికి నెట్టారు, అది సహేతుకమైన అనుమానమే. దాని ఫలితంగానే 1999లో సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి, పాత మెత్తటి లెన్సుల కంటే వీటిలోంచి ఆక్సిజన్ కొన్ని రెట్లు ఎక్కువగా వెళ్తుంది, ఇక రాత్రిళ్లు ఉంచుకున్నా భయం ఉండదని చాలా ఆశ పెట్టుకున్నారు. 2008లో ఆస్ట్రేలియా లెక్కలు వచ్చాయి. పాత రకం మెత్తటి లెన్సులు పగలు వాడి రాత్రి తీసేసేవాళ్లలో 10,000కి ఇద్దరు. పాత రకం మెత్తటి లెన్సులతో నిద్రపోయేవాళ్లలో సుమారు 20 మంది. కొత్త సిలికోన్ లెన్సులతో నిద్రపోయేవాళ్లలో 25 మంది. అంటే ఇరవయ్యేళ్ల తర్వాత, కొత్త ప్లాస్టిక్ వచ్చాక కూడా, రాత్రి ముప్పు ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఎందుకిలా అంటే ఆక్సిజన్ కథలో ఒక భాగం మాత్రమే. రెప్పలు మూసుకుని ఉన్నంతసేపూ కన్నీరు కదలదు, లెన్స్ కింద చేరిన మురికి, చచ్చిన కణాలు, బ్యాక్టీరియా అన్నీ ఒకేచోట ఊరుతూ ఉంటాయి. ఆక్సిజన్ బాగా అందినంత మాత్రాన ఆ కడిగే పని జరగదు. సిలికోన్ లెన్సుల వల్ల కన్ను ఎర్రబడటం, కార్నియా అంచుల్లోకి రక్తనాళాలు పాకడం లాంటివి బాగా తగ్గాయి, అది నిజమైన లాభమే. కానీ "ముప్పై రోజులూ తీయక్కర్లేదు" అని పెట్టె మీద ఉంటే, దానర్థం ఆ లెన్స్‌కి అలా అమ్మే అనుమతి ఉందని. మీ కంటికి ముప్పు లేదని దానర్థం కాదు.

ఇంకో మాట, మధ్యాహ్నం కునుకు కూడా నిద్రే. బస్సులో, సోఫాలో, ఆఫీసు కుర్చీలో తీసిన కునుకుని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి లెన్సులతో పడుకోవడానికే అని ప్రత్యేకంగా లెన్సులు వెతుకుతున్నట్టయితే, డాక్టరు ఏదైనా వైద్య కారణంతో చెప్పిన సందర్భం తప్ప, నా సలహా ఆ ఆలోచన మానుకోమనే. ఎప్పుడు నిద్ర ముంచుకొస్తుందో తెలియని డ్యూటీలు చేసేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, రాత్రిళ్లు చదివి పుస్తకం మీదే పడిపోయేవాళ్లు ఆ రోజుల్లో కళ్లజోడుతో ఉండటం మేలు.

డైలీ, మంత్లీ

డైలీ అంటే ఒక్కరోజు పెట్టుకుని పారేసేవి, మంత్లీ అంటే రోజూ రాత్రి తీసి శుభ్రం చేసుకుంటూ నెలపాటు వాడేవి. ఇక్కడ మామూలుగా వినిపించే మాట "డైలీ అయితే ఇన్ఫెక్షన్ రాదు" అని. లెక్కలు అలా చెప్పవు. పైన చెప్పిన ఆస్ట్రేలియా అధ్యయనంలో డైలీ వాడేవాళ్లకీ, రాత్రి తీసి శుభ్రం చేసుకుని మళ్లీ వాడేవాళ్లకీ ఇన్ఫెక్షన్ వచ్చే రేటు దాదాపు ఒకటే. అదే 2008లో లండన్ నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో అయితే డైలీ వాడేవాళ్లలో కాస్త ఎక్కువే కనిపించింది. అయినా నేను డైలీ వైపే ఎందుకు మొగ్గుతానంటే, ఇన్ఫెక్షన్ వచ్చినా చూపు దెబ్బతినేంత తీవ్రంగా మారడం డైలీ వాడేవాళ్లలో తక్కువ. రెండు అధ్యయనాలూ ఇదే చెప్పాయి.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు, లెన్సుల్ని రాత్రి సొల్యూషన్‌లో నానబెట్టే డబ్బా డైలీకి ఉండదు. చేతి నుంచి, రెప్ప నుంచి వచ్చే సూక్ష్మజీవులు ఏ లెన్స్‌కైనా వస్తాయి, అవి చాలావరకు మన చర్మం మీదే ఉండే, అంత మొండివి కాని రకాలు. డబ్బాలో పెరిగేవి వేరు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకి తడి ఉంటే చాలు, లెన్సుల వల్ల వచ్చే కార్నియా పుండ్లలో ఎక్కువసార్లు దొరికేది అదే, ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాని కరిగించేయగలదు. నీళ్లలో బతికే అకాంతమీబా అనే ఏకకణ జీవికి కూడా డబ్బా మంచి ఇల్లు, అక్కడ పేరుకున్న బ్యాక్టీరియానే దానికి తిండి.

నమ్మకం కుదరకపోతే కొన్ని వారాలుగా వాడుతున్న డబ్బా ఒకటి తీసుకుని, సొల్యూషన్ పారబోసి, లోపలి గోడని శుభ్రమైన వేలితో ఒకసారి రాసి చూడండి. ప్లాస్టిక్ మీద వేలు కిచకిచమంటూ పట్టుకోకుండా సర్రున జారితే, కంటికి కనిపించని జిగురు పొర ఒకటి అక్కడ కట్టిందని అర్థం. బయోఫిల్మ్ అంటారు. లోపలున్న బ్యాక్టీరియాకి అది కోటగోడ, సొల్యూషన్ పైపైన తగిలి వెళ్లిపోతుంది. మూత గాడుల్లో అయితే ఇంకా ఎక్కువ. సొల్యూషన్ సీసా కొత్తదే కావచ్చు, లెన్స్ కొత్త జతే కావచ్చు, ఈ డబ్బాలో ఒక రాత్రి ఉంటే చాలు.

మరి మంత్లీ వద్దే వద్దా అంటే అలా ఏమీ లేదు. సిలిండర్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకి, అరుదైన పవర్ ఉన్నవాళ్లకి డైలీలో దొరకకపోవచ్చు. రోజూ పెట్టుకునేవాళ్లకి డైలీ ఖరీదు ఎక్కువ పడుతుంది, అదీ చిన్న విషయమేమీ కాదు. వారానికి రెండు మూడు రోజులు మాత్రమే, పెళ్లికో ఆటలకో పెట్టుకునేవాళ్లయితే సొల్యూషన్, డబ్బా ఖర్చు కలిపి చూసుకుంటే డైలీయే కలిసిరావచ్చు, పైగా డబ్బాలో వారం రోజులు నానుతూ పడి ఉన్న లెన్స్ తీసి పెట్టుకునే ముప్పు తప్పుతుంది. రెండు వారాల లెన్సుల గురించి మాత్రం నాకు సదభిప్రాయం లేదు. వస్తువు మంచిదే, కానీ పద్నాలుగో రోజు ఎప్పుడో గుర్తుపెట్టుకునేవాళ్లు ఎంతమంది? నెలకయితే ఒకటో తారీఖున మార్చేస్తారు.

డైలీని కడిగి రెండో రోజు, మూడో రోజు వాడే అలవాటు ఉన్నవాళ్లకి ఒక్క మాట. అవి సన్నగా, ఒక్కరోజు కోసమే చేసినవి, రుద్దితే చిరుగుతాయి, రుద్దకపోతే మురికి పోదు. డైలీకి పెట్టే డబ్బూ పెట్టి, మంత్లీకి ఉండే డబ్బా ముప్పూ తెచ్చుకోవడం కంటే నేరుగా మంత్లీ తీసుకోవడమే నయం.

సొల్యూషన్ల దగ్గరికొస్తే

రోజువారీ వాడకంలో రెండే రకాలు: మల్టీపర్పస్, హైడ్రోజన్ పెరాక్సైడ్. సెలైన్ అనేది కడగడానికే, దానికి క్రిముల్ని చంపే శక్తి లేదు. నల్లా నీళ్లు, కాచిన నీళ్లు, మినరల్ వాటర్, ఉమ్మి (అవును, ఉమ్మి) ఇవేవీ లెన్స్ దరిదాపులకి రాకూడదు.

మల్టీపర్పస్ సులువు, ఒకే సీసాతో కడగడం, రుద్దడం, నానబెట్టడం అన్నీ అయిపోతాయి. దాని బలహీనతా అదే. నేరుగా కంట్లోకి వెళ్లేది కాబట్టి కన్ను తట్టుకునేంత మెత్తగా ఉండాలి, క్రిముల్ని చంపేంత ఘాటుగానూ ఉండాలి, ఈ రెండింటి మధ్య ఎక్కడో రాజీపడాల్సిందే. ఆ రాజీ ఎలా బెడిసికొడుతుందో 2006లో చూశాం. బాష్ అండ్ లోమ్ కంపెనీ రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్ వాడినవాళ్లలో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో ఫ్యుజేరియం అనే బూజు వల్ల కార్నియా పుండ్లు వరసగా బయటపడ్డాయి, ఆ ఏడాది మే నెలలో దాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తీసేశారు. సరిగ్గా ఏడాదికి, 2007 మేలో, ఇంకో కంపెనీ సొల్యూషన్ కంప్లీట్ మాయిశ్చర్‌ప్లస్‌ని అకాంతమీబా కేసుల వల్ల వెనక్కి పిలిచారు. రెండూ మందుల షాపులో మామూలుగా దొరికినవే. 2006 కేసుల్లో బయటపడ్డ ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సొల్యూషన్ వాడినవాళ్లందరిలోనూ, డబ్బాలో నిన్నటిది పారబోయకుండా దానిమీదే కొత్తది కాస్త పోసేవాళ్లకి పుండ్లు ఎక్కువ వచ్చాయి. ఆ అలవాటు ఇప్పటికీ చాలామందికి ఉంది, ఆదా అనుకుంటారు.

పెరాక్సైడ్ 3 శాతం గాఢతతో వస్తుంది, క్రిముల్ని బాగా చంపుతుంది, ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి మల్టీపర్పస్ పడక కళ్లు మండేవాళ్లకి కూడా నప్పుతుంది. దాని డబ్బా నిలువుగా ఉంటుంది, అడుగున ప్లాటినం పూసిన చిన్న బిళ్ల, మూతకి గాలి పోయే కన్నం. పోయగానే బుస్సున బుడగలు లేస్తాయి, ఆ బిళ్ల పెరాక్సైడ్‌ని విరగ్గొట్టి మామూలు ఉప్పునీరుగా మార్చడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటలు ఆగకుండా తీసి పెట్టుకున్నా, పొరపాటున సీసాలోంచి నేరుగా కంట్లో వేసుకున్నా, మామూలు డబ్బాలో పోసినా కంట్లో కారం కొట్టినంత మంట, పైపొర దెబ్బతింటుంది. అందుకే వీటి సీసా మూతి ఎర్రగా ఉంటుంది, హెచ్చరికగా. ఒకే గూట్లో రెండు రకాల సీసాలు పెట్టుకునే ఇళ్లలో ఇది వద్దని చెబుతాను. ఇంకో సంగతి, ఆరు గంటల తర్వాత అందులో మిగిలేది ఉత్త ఉప్పునీరే, కాబట్టి లెన్సుల్ని అలాగే రోజుల తరబడి వదిలేస్తే కాపాడేది ఏమీ ఉండదు. కోశం కట్టుకుని కూర్చున్న అకాంతమీబాకి ఇది కూడా పూర్తి గ్యారంటీ కాదు.

నాకడిగితే, రాత్రి తొమ్మిదింటికి తీసి పొద్దున్న ఏడింటికి పెట్టుకునే క్రమం ఉన్నవాళ్లకి పెరాక్సైడ్ మంచిది. వేళాపాళా లేనివాళ్లకి మల్టీపర్పస్, కాకపోతే సీసా మీద "రుద్దక్కర్లేదు" అని ఉన్నా సరే రుద్దాలి. చెయ్యి సబ్బుతో కడిగి, పీచు రాలని బట్టతో పూర్తిగా ఆరేలా తుడుచుకుని, లెన్స్‌ని అరచేతి గుంటలో పెట్టి దాని మీద రెండు మూడు చుక్కలు వేసి, చూపుడువేలి కొసతో గోరు తగలకుండా ముందుకీ వెనక్కీ ఒక పక్క, తిప్పి ఇంకో పక్క. ఆ తర్వాత సొల్యూషన్ ధారగా పోసి కడగాలి. ఇంతా చేస్తే అర నిమిషం పని, క్రిముల్లో పెద్ద భాగం ఈ రుద్దుడుకే పోతుంది, నానబెట్టేది మిగిలినవాటి కోసం. డబ్బాని కూడా సొల్యూషన్‌తోనే కడిగి, వేలితో రుద్ది, బోర్లించి మూత తీసి ఆరనివ్వాలి, బాత్రూంలో కాకుండా. మూడు నెలలకోసారి పారేయాలి.

గట్టి లెన్సులు, రాత్రి పెట్టుకునేవి

గాలి ఆడే గట్టి లెన్సులకి, అంటే ఆర్‌జీపీలకి, ఇన్ఫెక్షన్ రేటు అన్నిటికంటే తక్కువ, ఆస్ట్రేలియా లెక్కల్లో 10,000కి ఒకరు, కాస్త అటూ ఇటూగా. ఇవి నీళ్లు పీల్చవు, చిన్నవి, రెప్ప కొట్టినప్పుడల్లా కింద కన్నీరు మారుతుంది. మరి అందరూ ఇవే ఎందుకు పెట్టుకోరంటే మొదట్లో కంట్లో నలక పడ్డట్టే ఉంటుంది, అలవాటు కావడానికి రోజులు పడుతుంది, దుమ్ములో తిరిగేవాళ్లకి లెన్స్ కిందకి రేణువులు చేరి ప్రాణం తీస్తాయి. కెరటోకోనస్ (కార్నియా పలచబడి కోనులా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లకి మాత్రం చాలాసార్లు కళ్లజోడుతో చూపు సరిగ్గా రాదు, వాళ్లకి ఇవో, ఇంకా పెద్దవైన స్క్లీరల్ లెన్సులో తప్పనిసరి. గట్టి లెన్సులు నల్లా నీళ్లతో కడిగినా పాడవవు, అదే ఇబ్బంది, పాడవవు కదా అని కొందరు అలాగే కడుగుతారు, అకాంతమీబా వచ్చేది ఆ దారినే.

ఆర్థోకెరటాలజీ అని ఇంకోటి ఉంది, గట్టి లెన్స్ రాత్రి పెట్టుకుని పడుకుంటే కార్నియా ఆకారం కాస్త నొక్కుకుని పగలంతా కళ్లజోడు అక్కర్లేకుండా ఉంటుంది. పిల్లల్లో సైట్ పెరగకుండా ఆపడానికి దీన్ని బాగా వాడుతున్నారు, ఆ పని చేస్తుంది కూడా. కానీ ఇది నిద్రలో లెన్స్ ఉంచుకోవడమే కదా. 2013లో వచ్చిన అమెరికా లెక్కల్లో ఏడాదికి 10,000కి సుమారు ఎనిమిది మందికి, పిల్లల వరకే చూస్తే 14 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. సంఖ్య చిన్నదే, కానీ ఎనిమిదేళ్ల పిల్లకి కంట్లో పువ్వు పడితే అది జీవితాంతం. సైట్ పెరగకుండా చూడటానికి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన కళ్లద్దాలు, పగలు మాత్రమే పెట్టుకునే డైలీ లెన్సులు (మైసైట్ అనేదానికి 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది) ఉన్నాయి. ముందు వాటి గురించి అడగండి. రోజూ రాత్రి పిల్లల పక్కన కూర్చుని లెన్స్ రుద్ది పెట్టే ఓపిక ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటేనే ఆర్థోకెరటాలజీ.

రంగు లెన్సుల గురించి తక్కువే చెబుతాను. పవర్ లేకపోయినా అవీ వైద్య పరికరాలే, 2005 నుంచి అమెరికా చట్టం అదే చెబుతోంది. కొలత తీయకుండా బజార్లో కొన్నవి, ఫోటోల కోసం ఒకరివి ఒకరు మార్చుకున్నవి కార్నియాని గీరి పెడతాయి. 2011లో వచ్చిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో చూపు కోసం పెట్టుకునేవాళ్లతో పోలిస్తే అలంకారం కోసం పెట్టుకునేవాళ్లకి ముప్పు 16 రెట్లు తేలింది. కావాలంటే డాక్టరు కొలత ఇచ్చాక, డైలీ రకంలో రంగువి తీసుకోండి.

లేసిక్, అంటే కళ్లజోడు అక్కర్లేకుండా లేజర్‌తో కార్నియాని సరిచేసే ఆపరేషన్, దాని గురించి కూడా అడుగుతారు. ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ అరుదు, ఆ ముప్పు ఆ కొద్ది వారాలతో పోతుంది, లెన్సుల ముప్పు ఏటేటా కొనసాగుతుంది, కాబట్టి పదిహేనేళ్లు లెన్సులు వాడబోయేవాళ్లు లేసిక్‌ని ఒకసారి గట్టిగా ఆలోచించడంలో అర్థముంది. కళ్లు పొడిబారడం, కార్నియా పలచగా ఉండి పనికిరాకపోవడం లాంటివి వేరే లెక్కలు.

ఎవరికి ఏది

మతిమరుపు, బద్ధకం, హాస్టల్ గది, తరచూ ప్రయాణాలు ఇందులో ఏది ఉన్నా డైలీ. ఈత కొట్టేవాళ్లకి అసలైతే లెన్సులు లేకుండా పవర్ ఉన్న గాగుల్స్ మంచిది, తప్పదంటే డైలీ పెట్టి పైన బిగుతు గాగుల్స్, బయటికి రాగానే తీసి పారేయడం. స్నానం కూడా ఈత లాంటిదే, షవర్ కింద లెన్సులతో నిలబడకండి. అకాంతమీబా నల్లాలో, బావిలో, ట్యాంకులో, ఈత కొలనులో అన్నిచోట్లా ఉంటుంది, అమెరికాలో వచ్చే ఆ కేసుల్లో సుమారు 85 శాతం లెన్సులవాళ్లవే. పొలం పనులు, సిమెంటు దుమ్ము, రంపపు పొట్టు ఉన్నచోట పనిచేసేవాళ్లకి కళ్లజోడే. కళ్లు పొడిబారేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, రెప్పల అంచుల్లో చుండ్రులా పొట్టు కట్టేవాళ్లు ముందు వాటికి వైద్యం చేయించుకుని తర్వాత లెన్సుల మాట ఎత్తాలి. క్రమశిక్షణ ఉండి, ఖర్చు చూసుకోవాల్సినవాళ్లు సిలికోన్ హైడ్రోజెల్ మంత్లీ తీసుకుని, రుద్దడం మానకుండా, నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఏది తీసుకున్నా ఇప్పటి పవర్‌తో ఒక కళ్లజోడు కచ్చితంగా ఉండాలి. కళ్లజోడు లేనివాళ్లే కన్ను మండుతున్నా లెన్స్ తీయరు, ఆఫీసుకెలా వెళ్లాలని.

కన్ను ఎర్రబడితే

ఇక్కడ కూడా ఎంచుకోవాల్సినవి ఉన్నాయి, తప్పుగా ఎంచుకుంటే లెన్స్ ఎంపిక అంతా వృథా. కన్ను కాస్త ఎర్రబడి, లెన్స్ తీశాక గంటా రెండు గంటల్లో మామూలైపోతే అది చాలావరకు అలసటో, పొడిబారడమో. లెన్స్ తీశాక కూడా నొప్పి తగ్గకపోతే, వెలుతురు చూడలేకపోతే, నీళ్లు కారుతుంటే, చూపు మసకబారితే, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపిస్తే ఆ రోజే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రేపటిదాకా ఆగొద్దు. ఇన్ఫెక్షన్ లేకుండా వచ్చే చిన్న తెల్ల మచ్చలు కూడా ఉంటాయి, అవి మామూలుగా అంచుల్లో వస్తాయి, నొప్పి తక్కువ, కానీ అదా ఇదా అన్నది అద్దంలో చూసుకుని మనం తేల్చేది కాదు. డాక్టరు నారింజరంగు కాగితం ముక్కతో రెప్ప లోపల తాకించి నీలి వెలుతురులో చూస్తే, పైపొర పోయిన చోటు మాత్రం పచ్చగా మెరుస్తుంది, అక్కడి నుంచి కాస్త గీకి పరీక్షకి పంపుతారు. మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి భయపడక్కర్లేదు.

మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవడం ఈ సందర్భంలో అన్నిటికంటే చెడ్డ ఎంపిక, ఎందుకంటే వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన పూట ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల బూజైతే అది హాయిగా పెరుగుతుంది. కంటికి కట్టు కట్టడం కూడా వద్దు, మూసి ఉంచితే ఏమవుతుందో పైన నిద్ర దగ్గర చెప్పుకున్నాం. ఇంట్లో మిగిలిన పాత చుక్కలు వేసుకుని వెళ్తే పరీక్షలో క్రిమి పెరగక, ఏదో తేలక, రోజులు పోతాయి.

వైద్యం కూడా క్రిమిని బట్టి పూర్తిగా వేరు. బ్యాక్టీరియా అయితే మాక్సిఫ్లోక్సాసిన్ లాంటి చుక్కలు మొదట్లో గంటగంటకీ, రాత్రి కూడా లేచి వేయాలి. బూజు అయితే నాటమైసిన్, వారాల తరబడి. అకాంతమీబా అయితే పీహెచ్ఎంబీ, క్లోర్‌హెక్సిడిన్ చుక్కలు, నెలల తరబడి, ఏడాది దాటొచ్చు కూడా. ఈ చివరిదాన్ని మొదట్లో హెర్పిస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ అని పొరబడటం తరచూ జరుగుతుంది, కంట్లో కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి ఉంటే, ముఖ్యంగా లెన్సులతో ఈత కొట్టడమో నల్లా నీళ్లు తగలడమో జరిగి ఉంటే, డాక్టరు అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పండి. వెళ్లేటప్పుడు తీసిన లెన్స్, డబ్బా, సొల్యూషన్ సీసా కడగకుండా ఉన్నవి ఉన్నట్టు ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, కంట్లోంచి తీసిన నమూనాలో క్రిమి దొరకనప్పుడు డబ్బాలో దొరకొచ్చు. తగ్గాక మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టరు చెప్పేదాకా రెండో కంటికి కూడా పెట్టొద్దు. పెట్టుకోమన్న రోజున కొత్త జత, కొత్త డబ్బా, కొత్త సీసా, సగం వాడిన పాత సీసా ఎంత మిగిలినా సరే పారేయండి.